తిన్న రెండు గంటలకు

"మూడొందల నలభై ఎనిమిది," అంది కూతురు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పక్క గదిలో కుట్టుమిషను కూడా ఆగింది.

రక్తంలో చక్కెర చూసే చిన్న మిషన్ని ఆమె తండ్రి ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది. ఆయన దానివైపు చూడలేదు. చూసినా అంకెలు ఆనవని ఒప్పుకోవడం కంటే చూడకపోవడమే నయమనుకున్నాడో ఏమో, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"అది పాతదైపోయింది," అన్నాడు.

"నిన్ననే మా ల్యాబులో పెద్ద మిషనుతో పోల్చి చూశాను నాన్నా. రెండూ ఒకటే చెప్పాయి."

"అయితే వేలికి పంచదార అంటుకుని ఉంటుంది."

"సబ్బుతో కడిగించి, తుడిచి, అప్పుడు గుచ్చాను. వేలికి కాదు. లోపల ఉంది."

బల్లమీద పళ్ళెం ఇంకా తీయలేదు. పాలల్లో నానబెట్టి, వెన్నలో కాల్చి, పైన పంచదార దట్టంగా చల్లిన బ్రెడ్డు. అంచులు మాత్రం మిగిలాయి. పక్కన టీ గ్లాసు అడుగున కరగని పంచదార తెల్లగా పేరుకుని ఉంది. ఆరున్నరకి తిన్నాడు. ఇప్పుడు ఎనిమిదిన్నర. పదింటికి డిపోలో డాక్టరు ముందు నిలబడాలి.

బస్సు డిపో గేటు స్తంభానికి రాసుకుని వారమైంది. ఈ వారం రోజులూ ఆయన యూనిఫాం గోడకే వేలాడుతోంది. కళ్ళూ రక్తమూ చూపించుకుని, డాక్టరు సరేనంటేనే మళ్ళీ స్టీరింగు పట్టాలని మేనేజరు ముఖం మీదే చెప్పాడు.

"రోజూ చూసుకుంటూనే ఉన్నాగా," అన్నాడు డ్రైవరు. "లేవగానే గుచ్చుకుంటాను. నూట ముప్పై, నూట నలభై. మీ అమ్మనడుగు, పుస్తకంలో రాసి పెట్టింది."

"డిపోలోంచి బయల్దేరే ఖాళీ బస్సుని చూసి, ఈ రూట్లో జనమే లేరన్నట్టుంది నువ్వు చెప్పేది. పరగడుపున కాదు నాన్నా చూడాల్సింది. తిన్న రెండు గంటలకి. పొద్దున్నే పంచదార మీద పంచదార వేస్తుంటే అది కొండెక్కి కూర్చుంటోంది. మధ్యాహ్నం దాకా దిగట్లేదు. జబ్బు బయటపడి తొమ్మిదేళ్ళు, రోజూ ఇదే. అదే నీ కళ్ళని తినేస్తోంది."

"ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపాను. ఒక్క మనిషి మీద గీత పడనివ్వలేదు."

"స్తంభం మీద పడింది కదా."

అనేశాక ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. డ్రైవరు చెయ్యి బల్లమీద ఉన్నది ఉన్నట్టు ఉండిపోయింది. పాలిష్ పోయిన చెక్క మీద ఆయన బొటనవేలు కాసేపు ముందుకీ వెనక్కీ కదిలి, అదీ ఆగింది.

వంటింటి గుమ్మంలోకి మేనత్త వచ్చి నిలబడింది. డ్రైవరుకి ఆవిడ అక్క. పదకొండేళ్ళ పెద్ద. ఈ ఇంట్లో పొయ్యి వెలిగించేది, ఆర్పేది ఆవిడే. ఆవిడ చేతిలోని అట్లకాడ నుంచి వెన్న చుక్క నేలమీద పడింది.

"అంటే ఏమిటే? నేను విషం పెడుతున్నానా?"

"నేనలా అన్లేదత్తా."

"అనక్కర్లేదు. ఆ మిషను అంది. నువ్వు దాన్ని పట్టుకుని ఊరేగించావు."

"పంచదార మానెయ్యమంటున్నాను. అంతే. రెండు గుడ్లు ఉడకబెట్టు. కాసిని గింజలు నానబెట్టు. టీలో ఏమీ వెయ్యకు."

"ఆహా! నలభై తొమ్మిదేళ్ళుగా వాడికి అన్నం పెట్టినదాన్ని. నువ్వొచ్చి నాకు వంట నేర్పాలా? గుడ్డు ఉడకబెట్టడం నేర్పాలా?"

"అమ్మా, నువ్వైనా చెప్పు," అంది కూతురు పక్కగది వైపు తిరిగి.

కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లి తలెత్తలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ముప్పై ఏళ్ళుగా ఆడపడుచుకీ మొగుడికీ మధ్య ఆవిడ ఆ విద్య బాగా నేర్చుకుంది. ఎవరివో స్కూలు చొక్కాలు, కాలర్లు కుట్టవలసినవి, ఒళ్ళో కుప్పగా పడి ఉన్నాయి.

"పదకొండింటికల్లా ఇవి ఇచ్చెయ్యాలి," అంది. అంతే. మిషను మళ్ళీ మోగింది.

*

డిపోలో డాక్టరు గది బయట ఇనపబెంచీ మీద కండక్టరు ఎదురుచూస్తున్నాడు. అరిచి అరిచి గొంతు జీరబోయిన మనిషి. డిపోలో అందరూ బొంగురన్న అంటారు. పదహారేళ్ళు ఈ డ్రైవరుతోనే ఒకే బస్సులో తిరిగాడు.

"నేర్చుకున్నావా?" అన్నాడు గుసగుసగా. గుసగుస కూడా బొంగురే.

డ్రైవరు తలూపాడు.

"చివరి వరస ఒకసారి చెప్పు."

"గ, వ, ట, న, ఱ, ద."

"భేష్! కుడికన్ను మూసుకోమంటే తొందరపడకు. కాస్త ఆలోచించినట్టు కనపడు. 'ట' దగ్గర ఒక్క క్షణం ఆగు. మరీ గడగడా చెబితే అనుమానం వస్తుంది."

కూతురు విని కూడా విననట్టు ఊరుకుంది. తను రోజంతా రక్తం గొట్టాలతో పనిచేసే మనిషి. ఒకళ్ళ గొట్టం మీద ఇంకొకళ్ళ పేరు అంటించడం ఎంత పెద్ద తప్పో ఆమెకి తెలుసు. అయినా ఊరుకుంది. ఆ క్షణంలో 'ట' దగ్గర తండ్రి ఆగాలనే ఆమె కూడా కోరుకుంది.

లోపల డాక్టరు చిన్నవాడు. మర్యాదగా కూర్చోబెట్టాడు. గోడమీది అట్టకి దీపం వేసి, "చివరి వరస చదవండి," అన్నాడు.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "గ... వ..." కాస్త ఆగాడు. "ట... న... ఱ... ద."

డాక్టరు అది రాసుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపి, దీపం ఆర్పాడు.

"అవి అంకెలండీ," అన్నాడు నెమ్మదిగా. "కిందటి నెల పాత అట్ట చిరిగిపోతే మార్చాం."

బయట ఎవరో బస్సు టైర్లలో గాలి కొడుతున్నారు.

తరువాత కంట్లో చుక్కలు వేశాడు. అరగంట కళ్ళు మూసుకోమన్నాడు. సన్నటి వెలుగు పెట్టి ఒక కన్ను చాలాసేపు చూశాడు. రెండోది ఇంకా ఎక్కువసేపు చూశాడు. చూడటం అయ్యాక కూతురు వైపు తిరిగాడు.

"నాతో చెప్పండి," అన్నాడు డ్రైవరు. "పాడైనవి కళ్ళు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి."

డాక్టరు ఆయన వైపే కుర్చీ తిప్పుకున్నాడు. "ఎడంకంట్లో వెనకాల రక్తం కారి గడ్డకట్టింది. దాంట్లో చూపు ఇంచుమించు పోయినట్టే. కుడికన్ను కూడా మొదలెట్టింది. కంటి ఆసుపత్రికి వెళ్ళండి. లేజరు పెడతారు. పోయింది తిరిగి రాదు. చక్కెర ఒక్కచోట నిలబెడితే, ఉన్నదాంట్లో కొంత నిలబడుతుందేమో."

"బస్సు?"

డాక్టరు కాగితం మీద సంతకం చేశాడు. డ్రైవరు అడిగినదానికి అదే జవాబు.

ఇంటికి తిరిగి బస్సులోనే వచ్చారు. బస్సు నడిపేవాడి వెనకాలి మొదటి సీట్లో ఆయన కూర్చున్నాడు. చుక్కలు వేసిన కళ్ళకి ఎండ పొడుస్తోందని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడిపాదం నేలని నొక్కుతోంది. బ్రేకు అక్కడ లేదు. అయినా ప్రతి మలుపులోనూ, ప్రతి గుంతకి ముందూ, ఆ పాదం సరిగ్గా సమయానికి నొక్కింది.

కూతురు ఆ పాదాన్ని చూడకుండా ఉండాలని టిక్కెట్టు వెనకాల రాసింది చదవసాగింది.

*

ఇంట్లో ఎవరూ ఏమైందని అడగలేదు. కండక్టరు ముందే వచ్చి చెప్పి పోయాడట.

మేనత్త వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పంచదార డబ్బా. రేకు డబ్బా, మూత నొక్కుకుపోయింది.

"ఇదిగో," అంది మేనకోడల్ని చూసి. "తీసుకెళ్ళి పారబొయ్యి. నా చేత్తో నేను పారబొయ్యలేను."

కూతురు డబ్బా అందుకోలేదు. మేనత్త ఎదురుగా నేలమీదే చతికిలబడింది.

"అత్తా, నేను నిన్నేమీ అనట్లేదు."

"అను. నువ్వనకపోతే రేపు ఆ డాక్టరంటాడు. నీకు తెలియదులే. మా అమ్మ పోయేనాటికి వీడికి మూడేళ్ళు. నాకు పధ్నాలుగు. లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని దొరికింది. తెల్లారకుండా పోవాలి. వీడు కొంగు వదిలేవాడు కాదు. రొట్టెముక్క పాలల్లో ముంచి, పంచదార అద్ది నోట్లో పెట్టేదాన్ని. అది కరిగేలోపు తలుపు గడియ పెట్టి పరిగెత్తేదాన్ని. వీధి చివరికి వెళ్ళేదాకా ఏడుపు వినపడకపోతే, ఆ రోజు గెలిచినట్టు."

ఆవిడ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గరే పడి నిద్రపోయి ఉండేవాడు. మూతి చుట్టూ చీమలు. ఆ చీమల్ని దులిపిన చేతులే ఇవి. ఈ చేతులతోనే వాడి కళ్ళు పొడిచానంటావా?"

కూతురు దగ్గరున్న జవాబు చెప్పదగ్గది కాదు.

"రేపట్నించి నాన్నకి పొద్దున నేను వండుతాను," అంది చివరికి.

మేనత్త డబ్బా పట్టుకుని లేచింది. "వండుకో. నాకూ మీ అమ్మకీ మాత్రం నేనే వండుతా. మాకేం రోగం లేదుగా," అంటూ దాన్ని యథాస్థానంలో, పొయ్యి పైనున్న అరలో పెట్టింది.

*

మర్నాటి నుంచి కూతురు ఐదింటికి లేచింది. రెండు గుడ్లు, ఉడికించిన గింజలు, దోసకాయ ముక్కలు, ఒట్టి టీ. డ్రైవరు మారుమాట్లాడకుండా తిన్నాడు. మందు మింగినట్టు కళ్ళు మూసుకుని నమిలాడు.

"ఉప్పు సరిపోయిందా నాన్నా?"

"ఆ."

"ఇంకో గుడ్డు పెట్టనా?"

"వద్దు పిచ్చికా." చిన్నప్పటినుంచీ ఆయన ఆమెని పిలిచే పేరు అది. ఇప్పుడు ఆ పేరు కూడా నీరసంగా వచ్చింది.

ఏడుముప్పావుకి ఆమె ల్యాబుకి బయల్దేరాలి. ఎనిమిదిన్నరకి గుచ్చి చూసే పని తల్లికి అప్పగించింది. ఎలా గుచ్చాలో, చుక్క ఎంత ఉండాలో, మిషన్లో పట్టీ ఎటువైపు పెట్టాలో రెండుసార్లు చూపించింది. తల్లి శ్రద్ధగా నేర్చుకుంది. దర్జీ చేతులు కదా, సూది పని ఇట్టే పట్టుబడింది.

సాయంత్రం ఇల్లు చేరగానే కూతురు ముందు పుస్తకం తీసేది.

నూట తొంభై. నూట నలభై రెండు. నూట ముప్పై ఎనిమిది. నూట నలభై ఐదు. నూట నలభై.

మూడొందల నలభై ఎనిమిది ఎక్కడ, ఇదెక్కడ! మొదటి వారం ఆమె నమ్మలేదు. రెండో వారం నమ్మింది. దారిన పోతూ తనలో తనే నవ్వుకుంది. ల్యాబులో పక్క సీటామెకి చెప్పింది. కంటి ఆసుపత్రిలో లేజరు పెట్టిన రోజు ఆ పుస్తకం పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించింది. ఆయన అద్దాలు సర్దుకుని పేజీలు తిప్పి, "ఇంత క్రమశిక్షణ నేను చాలా తక్కువమందిలో చూశానమ్మా," అన్నాడు.

డ్రైవరు ఆ పొగడ్తని తల వంచుకుని విన్నాడు.

కళ్ళు మాత్రం ఆ పుస్తకాన్ని నమ్మలేదు. కుడికంటి ముందు నల్లటి దారాలు తేలుతున్నాయని చెప్పాడు. తర్వాత అవి దారాలు కాదు, పొగ అన్నాడు. వార్తాపత్రిక చేతిలోకి తీసుకోవడం మానేశాడు. గుమ్మం దాటేటప్పుడు గోడ తడుముకోసాగాడు.

"పాత దెబ్బ నాన్నా. ఇన్నేళ్ళ దెబ్బ. నెమ్మదిగా కుదురుకుంటుంది," అనేది కూతురు.

మూడో వారం మధ్యలో అంకె ఎగిరింది. రెండొందల ముప్పై ఎనిమిది. మర్నాడు రెండొందల యాభై ఒకటి. ఆ మర్నాడు రెండొందల అరవై రెండు.

"ఏం తిన్నావు నాన్నా?"

"నువ్వు పెట్టిందే."

"గుడ్లు తింటే రెండొందల అరవై రాదు. బొంగురన్న ఏమన్నా తెచ్చాడా? చెప్పు. తిట్టను."

"ఏం తేలేదు."

"మరి ఎలా వచ్చింది? గాలికొచ్చిందా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తల్లి కుట్టుమిషను దగ్గర దారం ఎక్కిస్తోంది. సూది బెజ్జం దొరకడం లేదు. దారం కొస నోట్లో పెట్టుకుని తడిపి, మళ్ళీ ఎక్కించబోయింది.

"అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉంటావుగా. నీకు తెలియకుండా తింటున్నాడా?"

"ఏమోనే," అంది తల్లి.

నాలుగో రోజు కూడా రెండొందల నలభై తొమ్మిది వచ్చింది. ఆ సాయంత్రం కూతురు తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టింది. తన కష్టం బూడిదలో పోసిన పన్నీరన్నది. చిన్నపిల్లలు నయమన్నది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అదే ఆమెకి వింతగా తోచింది. తప్పు లేనప్పుడు కూడా ఇల్లెగిరిపోయేట్టు అరిచే మనిషి, ఇప్పుడు ఇంత తిట్టినా పడి ఉన్నాడేమిటి?

*

మర్నాడు ఏడుముప్పావుకి మామూలుగానే బయల్దేరింది. బస్టాపు దాకా వెళ్ళింది. బస్సు వచ్చింది. ఎక్కలేదు. ల్యాబుకి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి, మందుల దుకాణం ముందు అరగంట నిలబడి, ఎనిమిదిన్నరకి ఇంటి మెట్లెక్కింది.

తలుపు చేరవేసి ఉంది. తోసింది.

డ్రైవరు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన అక్క. పళ్ళెంలో పంచదార మెరుస్తున్న బ్రెడ్డు ముక్కలు. ఆయనకి పళ్ళెం అంచు కనపడక చెయ్యి తడుముతుంటే, ఆవిడ చిన్న ముక్క తుంచి, వేళ్ళతో పట్టుకుని, నోటి దగ్గరికి తీసుకెళుతోంది. నోరు తెరిచి ఉన్నాడు. పొద్దున తర్వాత తింటానని ఆయన అట్టేపెట్టిన గుడ్లు గిన్నెలో మూతపెట్టి ఒక వార ఉన్నాయి.

కుట్టుమిషను దగ్గర తల్లి కూర్చుని ఉంది. పక్కన ఆవిడ తిన్న పళ్ళెం ఖాళీగా ఉంది. ఒళ్ళో పుస్తకం. ఎడంచేతి ఉంగరపు వేలి చివర ఎర్రటి చుక్క. ఆ చుక్కకి పట్టీ ఆనించి, చేతిలోని చిన్న మిషను వైపు చూస్తోంది.

మేనత్త చేతిలోని ముక్క నుంచి వెన్న మోచేతిదాకా కారింది.

"ఎవరది?" అన్నాడు డ్రైవరు.

"నేనే నాన్నా."

ఆయన నోరు మూసుకున్నాడు.

కూతురు నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళింది. "మొదటినుంచీ నీ రక్తమేనా?"

"మొదటి రోజు ఆయనదే. నూట తొంభై వచ్చింది. రెండో రోజు నుంచీ నాదే."

"ఎందుకమ్మా?"

తల్లి వేలిని గుడ్డపేలికతో అదిమి పట్టుకుంది. ముప్పై ఏళ్ళు నోట్లో నాలుక లేనట్టు బతికిన మనిషి. మాట్లాడటం మొదలుపెట్టింది.

"రెండో రోజు నువ్వు వెళ్ళగానే మీ నాన్న ఇక ఆ గుడ్లు మింగలేనని ఏడ్చాడే. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. బస్సు పోయింది. తర్వాత పేపరు పోయింది. ఇప్పుడు నీ ముఖం పొగలా కనిపిస్తోందే అంటున్నాడు నాతో. ఇంకేం మిగిలింది ఆయనకి? నాలుక మిగిలింది. అది కూడా నన్నే కోసెయ్యమంటావా?"

"ఉన్న కాస్త చూపూ పోతుందమ్మా! తెలిసి తెలిసి..."

"పోతుంది," అన్నాడు డ్రైవరు బల్ల దగ్గర్నుంచి. "గుడ్లు తిన్నా పోతుంది. నిలబడుతుందేమో అన్నాడు డాక్టరు. నిలబడుతుందనలేదు. ఆ 'ఏమో' కోసం బతికినన్నాళ్ళూ మందు నమలాలా నేను?"

"నా కోసం నమలరాదా నాన్నా?"

ఆయన వేళ్ళకంటిన పంచదార బల్ల అంచుకి తుడుచుకున్నాడు.

"చెయ్యి ఇటివ్వు," అంది కూతురు. ఆయన ఇచ్చాడు. తడిగుడ్డతో వేలు తుడిచి, ఆరనిచ్చి, గుచ్చింది. ఐదు క్షణాలు.

"ఎంత?" అన్నాడాయన.

"నాలుగొందల పదకొండు."

"మన డిపోలో అంత పెద్ద నెంబరు బస్సే లేదు," అని నవ్వబోయాడు. నవ్వు సగంలో తెగిపోయింది. మేనత్త చీదుకుంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెలు ఊరికే ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు.

కూతురు పుస్తకం తీసి చింపబోయింది. కంటి డాక్టరుకి గొప్పగా చూపించిన పుస్తకం. పేజీ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది.

రెండొందల ముప్పై ఎనిమిది. రెండొందల యాభై ఒకటి.

"అమ్మా. ఇవి కూడా నీవేనా?"

"రెండో రోజు నుంచీ అన్నీ నావేనని చెప్పానుగా."

"ఈ నాలుగు రోజులవీ?"

"ఆ. అంకెలు మార్చి రాయడం నాకు చేతకాదే. మిషను ఏం చూపిస్తే అదే రాశాను. మొదట్లో నేను తినకముందే గుచ్చుకునేదాన్ని. ఈ మధ్య వదిన ముగ్గురికీ ఒకేసారి పెట్టేస్తోంది. తిన్నాక గుచ్చుకుంటున్నా. ఎక్కువొస్తోంది. ఆయన్ని నువ్వు తిడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. అయినా నోరు విప్పితే అంతా బయటపడుతుందని..."

కూతురికి ఆ తర్వాతి మాటలు వినపడలేదు.

తిన్నాక రెండొందల అరవై, అదీ మామూలు కాదు. సరే. కానీ ముందు పేజీల్లోవి? నూట నలభై రెండు, నూట ముప్పై ఎనిమిది, నూట నలభై ఐదు. పరగడుపువి. తండ్రివనుకుని తను నవ్వుకున్న అంకెలు. రోగం లేని మనిషికి పరగడుపున నూట నలభై రాదు. ఇది మూడు వారాల్లో వచ్చింది కాదు. ఎన్నేళ్ళ నుంచి ఉందో.

రోజుకి మూడొందల గొట్టాలు ఆమె చేతుల మీదుగా పోతాయి. ఊళ్ళో సగంమంది రక్తం ఆమెకి తెలుసు. అమ్మ పేరున్న గొట్టం ఒక్కటీ ఎప్పుడూ రాలేదు. పాదాలు మొద్దుబారి తొక్కలేకపోతున్నానని రెండేళ్ళ కిందట తల్లి కుట్టుమిషనుకి మోటారు పెట్టించుకుంటే, మంచి పని చేశావమ్మా అని తనే అంది. దారం ఎక్కడం లేదంటే కళ్ళజోడు మార్చుకోమంది. ఐదింటికి లేచి గుడ్లు ఉడకబెట్టింది, రెండే. నాన్నకి మాత్రమే. పక్కనే కూర్చుని అమ్మ పంచదార బ్రెడ్డు తింటుంటే చూసి కూడా, ఒకళ్ళనైనా మేనత్తకి వదిలేశాను, గొడవ తగ్గింది అనుకుంది.

కొత్త పట్టీ తీసింది. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాచింది.

"వేలివ్వమ్మా. ఇంకొక్కసారి చూస్తాను."

తల్లి కూతురి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏం కనిపించిందో, నెమ్మదిగా వేళ్ళు ముడిచి పిడికిలి బిగించింది.

"వద్దే. ఈ ఇంట్లో ఒక్కళ్ళ సంగతి తెలిసింది చాలు."

"అమ్మా, ఇవ్వు!"

"ఇద్దరం పడకేస్తే మీ నాన్నని గుమ్మం ఎవరు దాటిస్తారు? నాకేం లేదు. చొక్కాలు కుట్టాలి. లే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. బల్ల అంచు పట్టుకుని, చెవి ఇటు తిప్పి నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాడు. "ఎవరిదే ఆ నెంబరు?"



"పిచ్చికా, ఎవరిదని అడుగుతున్నా!"

కూతురు రెండు చేతులతో తల్లి పిడికిలి పట్టుకుని విప్పబోయింది. ముప్పై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి. విడలేదు.